కరవడం మాన్పిన మారెక్క

గొర్రెల మారెక్కకు మనుషుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. చెన్నప్ప మీద అసలే లేదు. మొగుడు పోయినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లుగా నలభై గొర్రెలను, వాటి వెంట కుక్కలను ఒంటిచేత్తో సాకుతున్న మనిషి ఆమె. కళ్యాణదుర్గం చుట్టుపక్కల కుక్కపిల్లకు పని నేర్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. చెన్నప్ప కరువు పనుల కాంట్రాక్టరు. ఊరు ఎండి వరుగైన కొద్దీ ఆయన బొజ్జ పెరగడం మారెక్క కళ్లారా చూసింది.

ఎనభై అయిదులో, వాన మళ్లీ మొహం చాటేసిన ఏడు, చెన్నప్ప బెంగళూరు నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. నల్లటి వీపు, నిక్కిన చెవులు. వారం తిరక్కుండానే అది ఆయన పంచెలు చించింది, భార్య మడమ కొరికింది, ఆయన వేళ్లన్నింటికీ పంటిగాట్లు పెట్టింది. ఆయన చెప్పుతో కొట్టాడు. మూతికి తాడు కట్టాడు. ఎవరో చెబితే నోట్లో కారం కూడా కొట్టాడు. అది ఇంకా రెచ్చిపోయింది. చివరికి గోనెసంచిలో వేసుకుని మారెక్క దొడ్డికి వచ్చాడు.

"అంత పెద్ద మనిషివి, రెండు నెలల పిల్లతో ఏగలేకపోతివా అప్పా?" అంది మారెక్క.

"దెబ్బలకు భయపడేదే లేదు మారెక్కా. మొండిది."

"నోట్లో కారం కొట్టేటోన్ని నేనైనా కరుస్తా. ఆడ పెట్టి పో."

సంచి విప్పగానే అది ఆమె చేతిని పళ్లతో పట్టుకుంది. మారెక్క కొట్టలేదు. నొప్పి పుట్టిన కుక్కపిల్లలా 'కుయ్'మని గట్టిగా అరిచి, మొహం తిప్పుకుని గొర్రెల్లోకి వెళ్లిపోయింది. ఆడుకోవడానికి ఎవరూ లేక అది దిక్కులు చూసింది. కాసేపటికి ఆమె వచ్చి, ముడివేసిన పాత కంబళి పేలికను దాని నోటికి అందించింది. చేతిని కొరికితే ఆట ఆగిపోతుంది, పేలికను కొరికితే ఎంతసేపైనా సాగుతుంది. రోజుకు యాభైసార్లు ఇదే తంతు. మిగతాది ఆమె ముసలి ఆడకుక్క చూసుకుంది. పిల్ల మితిమీరితే అది గుర్రుమని లేచి అవతలికి పోయేది. ఆ ముసలిదానికున్న తెలివి చెన్నప్పకు లేదే అని మారెక్క ఆశ్చర్యపోలేదు. ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆరు వారాల్లో పిల్ల నోరు మెత్తబడింది. సంకటి ముద్దను ఎవరి చేతిలోంచైనా పెదవులతో అందుకునేది. చెన్నప్ప వచ్చి తీసుకుపోయాడు. "రెండు తగిలిస్తే యాడికి పోతాది, దారికొచ్చింది" అని టీ అంగడి దగ్గర గొప్పలు చెప్పుకున్నాడని మారెక్కకు తెలిసింది. ఆమె ఉమ్మేసి ఊరుకుంది.

అసలు సంగతి ఎండలు ముదిరాక బయటపడింది. ఊరి బావులు అడుగంటాయి. నీళ్లున్నది చెన్నప్ప తోటలోని బోరు తొట్టిలోనే. కడవలతో వచ్చే ఆడవాళ్లను తరమడానికే ఆయన ఆ కుక్కను తెచ్చుకున్నాడు. గొలుసు విప్పి "పట్టు, పట్టు" అని ఉసిగొల్పాడు. అది తోక ఊపుకుంటూ పోయి, అందరికంటే ముందున్న హనుమంతమ్మ చెయ్యి నాకింది. హనుమంతమ్మ కడవ నింపుకుంది. వెనక ఇంకో పదిమంది నింపుకున్నారు.

చెన్నప్ప కుక్కను ఈడ్చుకుంటూ దొడ్డికి వచ్చాడు. ఏం జరుగుతుందో చూడాలని ఆడవాళ్లూ వెంట వచ్చారు.

"దీన్ని చెడగొట్టినావు. మనుషుల్ని కరవదు!"

"కరవకూడదనే కదప్పా తెస్తివి?"

"నన్ను కరవకూడదు. వాళ్లను కరవల్ల."

"నీకూ వాళ్లకూ తేడా దానికెట్ల తెలుస్తాది? మళ్లా కరిసేది నేర్పల్లంటే నువ్వే నేర్పుకో. కారం నీ ఇంట్లోనే ఉండాది."

"మరి దీన్ని నేనేం చేసుకోవల్ల?"

"ఈడ వదిలిపెట్టు. తొట్టికాడ నువ్వే కూర్చో. నువ్వైతే బాగా కరుస్తావు."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. చెన్నప్ప గొలుసు కింద పారేసి పోయాడు. మరుసటి వారం తొట్టి చుట్టూ ముళ్లకంప వేయించాడు. హనుమంతమ్మ వాళ్లు కంప పక్కకు లాగి నీళ్లు తెచ్చుకున్నారు. ఆయన అరిచాడు గానీ, అంత నవ్వాక ఆయనకు భయపడడం వాళ్లకు చేతకాలేదు.

కుక్క మందలోనే ఉండిపోయింది. చెన్నప్ప ఆ తర్వాత మారెక్కతో మాట మానేశాడు. అది ఆమె గమనించడానికి చాలా రోజులు పట్టింది. గమనించాక, ఆయన తెల్లచొక్కా వేసుకుని ఎదురొచ్చినప్పుడల్లా గొర్రెలను దారికి అడ్డంగా తోలేది. మంద మొత్తం దాటేదాకా ఆయన ఆ దుమ్ములో నిలబడాల్సి వచ్చేది.