మసినా మామ్మ కడుపుమంట

పసిఫిక్ మహాసముద్రంలో ఎన్ని దీవులున్నాయో నేను చెప్పలేను, పదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. కానీ ఆ దీవులన్నింటిలోనూ మా మామ్మ మసినాని మించిన ఓర్వలేని మనిషి పుట్టలేదని మాత్రం బైబిలు మీద చెయ్యి వేసి చెప్పగలను. అసూయకి పోటీ పెడితే మొదటి బహుమతి ఆమెదే. ఆ కప్పు చేత్తో పట్టుకుని, రెండో బహుమతి కప్పు ఇంకా బాగా మెరిసిందని ఇంటికి వచ్చేదాకా సణుగుతుంది.

మామూలు జనం మీద ఆమెది చిల్లర కుళ్ళు. అసలు సరుకంతా లుపే మామ్మ కోసం దాచిపెట్టింది. ఇద్దరూ ఆ పసిఫిక్ దీవుల్లో ఒకటైన సవాయిలో ఒకే ఊళ్ళో పుట్టారు. ఒకే ఏడు సిడ్నీ వచ్చారు. ఆ ఊరి శివారు మౌంట్ డ్రూయిట్‌లో ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళలో ఉంటారు. చర్చిలో ఒకే వరసలో నిలబడి పాడతారు. పాట అయిపోయాక, ఎవరు ఎక్కువసేపు సాగదీశారన్నది మా మామ్మ ఇంటికి వచ్చాక తేలుస్తుంది.

మా సంఘంలో ఆదివారం ఆడవాళ్ళందరూ తెల్లబట్టలు కట్టి తెల్లటోపీలు పెట్టుకుంటారు. ఒకవారం లుపే మామ్మ టోపీకి రెండు గుడ్డపువ్వులు వచ్చాయి. మరుసటివారం మా మామ్మ పెట్టుకొచ్చిన టోపీకి వెనక మూడు వరసలవాళ్ళకి పాస్టరుగారు కనపడలేదు. "గొంతు వినిపిస్తోంది కదా, మొహం ఎందుకు?" అంది మామ్మ.

లుపే మామ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. పళ్ళబుట్టలు, పరామర్శలు చూసి వచ్చి, మా మామ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంది.

"నాకు రెండు మోకాళ్ళూ చెయ్యండి" అంది డాక్టరుతో.

"మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయమ్మా."

"లుపేవి కూడా బాగానే ఉండేవి, మీరు చెయ్యి పెట్టేదాకా."

చనిపోయినవాళ్ళని కూడా వదిలిపెట్టదు. ఒక ముసలాయన అంత్యక్రియలకి నాలుగు వందలమంది వచ్చారు. తిరిగి వస్తూ కారులో, "నాకు అయిదు వందలమంది వస్తారంటేనే నేను పోతాను" అంది.

"అలాగైతే నువ్వు పోనక్కర్లేదు మామ్మా" అన్నాను.

ఇలా ఉండగా, ఆ ఏడు సెప్టెంబరులో ప్రభుత్వం ఓటున్న ప్రతివాళ్ళకీ ఒక ఉత్తరం పంపింది. మగవాళ్ళు మగవాళ్ళనీ, ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ పెళ్ళి చేసుకునేలా చట్టం మార్చాలా అని అందులో ఒకటే ప్రశ్న. కింద రెండు గళ్ళు, అవును, కాదు. ఒక గడిలో గీత పెట్టి పోస్టు చెయ్యాలి. ఆ రెండు గళ్ళు మా ఇంట్లో భోజనాల బల్లని కూడా రెండుగా చీల్చాయి.

"పెళ్ళి దేవుడు పెట్టింది. మార్చడానికి పార్లమెంటు ఎవరు?" అన్నాడు మా నాన్న.

"అన్నయ్యా, వాళ్ళు మన చర్చిలో చెయ్యమనట్లేదు. రిజిస్టరాఫీసులో చేసుకుంటామంటున్నారు" అంది మా అత్త.

"ఇవాళ అక్కడ, రేపు ఇక్కడ."

"నువ్వు వదినని చేసుకున్నప్పుడు దేశాన్నంతా అడిగావా? అడిగుంటే ఆవిడ బాగుపడేది."

చేమదుంపలు చల్లారిపోతున్నాయి. అప్పుడు మా మామ్మ తలెత్తి ఆ రోజుకి తన మొదటి ప్రశ్న వేసింది. "లుపేకి ఈ ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం" అన్నాను.

"మనకి?"

"ఇవాళ, గురువారం."

"అంటే దాన్నే ముందడిగారన్నమాట" అని కంచం పక్కకి తోసింది.

లుపే మామ్మని ఎలాగైనా దాటెయ్యాలని శుక్రవారం పొద్దున్నే నాకు వీపు తిప్పి గీత పెట్టేసి, కవరు అంటించి ఇచ్చింది. పనికి వెళ్తూ నేనే పోస్టులో వేశాను. ఏ గడిలో పెట్టిందో చెప్పలేదు. అడిగితే చెవి మెలేసింది.

ఆ ఆదివారం పాస్టరుగారు ఒక ప్రకటన చేశారు. "కాగితాలు ఇంకా పంపనివాళ్ళు వచ్చేవారం హాలుకి తీసుకురండి. కలిసి ప్రార్థన చేసి, కలిసి నింపి, కలిసి నడిచి వెళ్ళి పోస్టు చేద్దాం." ఆయన చెడ్డవాడు కాదు. కాదు అన్నది సరైన జవాబని నిండుమనసుతో నమ్మినవాడు. జ్వరంతో ఉన్నవాళ్ళ ఇంటికి తన చేత్తో కోకో కాచి పట్టుకెళ్ళే మనిషి కూడా ఆయనే.

ఆ రోజు భోజనాలయ్యాక చర్చి వంటగదిలో నేను గిన్నెలు తోముతున్నాను. లుపే మామ్మ పళ్ళాలు తుడుస్తోంది. మా మామ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది.

"ఏమే, మీ అలెకి ఎలా ఉన్నాడు?"

అలెకి అంటే లుపే మామ్మ మనవడు, ఆస్పత్రిలో నర్సు.

"బాగానే ఉన్నాడు."

"అంతేనా? ప్రమోషన్ రాలేదూ?"

"వచ్చింది."

"మరి చెప్పవేం? పోయినసారి వస్తే మూడువారాలు చంపావు కదే మమ్మల్ని. రెండు నెలలైంది నువ్వు వాడి గురించి గొప్పలు చెప్పి. ఇలాగైతే నేను దేన్ని చూసి కుళ్ళుకోవాలి?"

మనల్ని చూసి ఓర్వలేనివాళ్ళంత శ్రద్ధగా మనల్ని ఇంకెవరూ గమనించరు. లుపే మామ్మ మాట తగ్గించిందని ఆవిడ మొగుడు కనిపెట్టలేదు, సంఘం కనిపెట్టలేదు. మా మామ్మ రోజులు కూడా లెక్కపెట్టింది.

లుపే మామ్మ తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడుస్తూ నెమ్మదిగా చెప్పింది. అలెకి ఆరేళ్ళనించి డొమినిక్ అనే అబ్బాయితో ఉంటున్నాడు. చట్టం మారితే పెళ్ళి చేసుకుంటాం, నువ్వు రావాలి నానమ్మా అన్నాడు. "వాడి కోసం అవును అని పెట్టాలే మసినా. పెట్టకుండా వాడి మొహం చూడలేను. కానీ వచ్చినరోజే మా ఇద్దరి కాగితాలూ ఆయన జేబులో పెట్టేసుకున్నాడు. హాల్లోనే ఇస్తాట్ట. పక్కనే కూర్చుంటాడు."

ఆయన అంటే లుపే మామ్మ మొగుడు, మా సంఘంలో పాస్టరుగారి తర్వాత పెద్ద, డీకన్. సంగతి తెలిశాక ఆయన అలెకి పేరెత్తి ఏడాదైంది.

"నా గీత ఆయన చూస్తే ఇంట్లో ఉండలేను. మిగతావాళ్ళు చూస్తే పాటలో నిలబడలేను."

మా మామ్మ నడుం మీది చెయ్యి తీసి, వంటగది తలుపు దగ్గరికి వేసింది. తర్వాత, "ఆరేళ్ళ కథ నాకు చెప్పకుండా దాచావా?" అంది. "నీకెప్పుడూ పెద్ద కథలే దొరుకుతాయి. ఆ పళ్ళెం ఇంక వదిలెయ్. దాని మీది పువ్వులు చెరిగిపోతాయి."

తర్వాతి ఆదివారం హాలంతా పొడుగాటి బల్లలు వేశారు. ప్రార్థన అయింది. డీకన్ తాత జేబులోంచి రెండు కవర్లు తీసి, ఒకటి భార్యకిచ్చాడు. తనది నింపేసి, కలం ఆవిడ చేతిలో పెట్టి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు. లుపే మామ్మ చెయ్యి కాగితం మీద జానెడెత్తున ఆగిపోయింది.

అప్పుడు ఎదుటి బల్ల దగ్గర మా మామ్మ కుర్చీ కీచుమంది.

"పాస్టరుగారూ, నేనిక్కడ రాయను."

"ఏమైంది మసినమ్మా?"

"లుపే నా కాగితంలోకి చూస్తోంది."

"నేనా?" అంది లుపే మామ్మ తెల్లబోయి.

"నువ్వే. పుట్టినప్పటినించీ నన్ను చూసి కాపీ కొడుతోందండీ ఇది. నా టోపీ చూసి టోపీ కొంది. నా పాట విని పాట నేర్చుకుంది. ఇప్పుడు నా గీత కూడా ఎత్తుకుపోతుంది."

హాలంతా నవ్వు. కాపీ ఎటునించి ఎటు నడుస్తుందో అందరికీ తెలుసు.

"అందరం పెట్టేది ఒకటే గీత కదమ్మా, చూస్తే పోయిందేముంది?" అన్నాడు డీకన్ తాత.

"నా గీత అందంగా ఉంటుంది డీకన్ గారూ. ముందు మీరు లేవండి. మీ భుజం చాటునించే చూస్తోంది. మీరు ఆ మూలకి వెళ్ళండి. లుపే, నువ్వు ఈ మూలకి. మొహం గోడకి."

"ఊరుకోవే మసినా" అంది వెనకనించి ఒకావిడ.

"నువ్వు కూడా తిరుగు. నా పనికేకి బూరెల పిండిలో ఏం కలుపుతానో చూసి పోయినదానివి నువ్వే."

నేను ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాను. టోపీ అడ్డం పెట్టి, మోచెయ్యి వంచి, ప్రాణంలా కాచుకుంటున్న ఆ కాగితం మీద మూడు చెత్తడబ్బాల బొమ్మలున్నాయి. ఏ రంగు డబ్బాలో ఏ చెత్త వెయ్యాలో చెబుతూ మునిసిపాలిటీ వాళ్ళు పంపింది.

ఆమెని బుజ్జగించడానికి పాస్టరుగారు దగ్గరికి వచ్చారు. వంగారు. ఆయన కూడా డబ్బాలు చూశారు. అవి చూసి మా మామ్మని చూశారు. మా మామ్మ కళ్ళు ఆయన మీద లేవు. అవి వెళ్ళినవైపే ఆయన కూడా చూస్తే, కలం కాగితానికి ఆనించకుండా మొగుణ్ణే చూస్తున్న లుపే మామ్మ కనిపించింది. ఆ పొద్దున కాదు అనే పెట్టమని నలభై నిమిషాలు ప్రసంగం చేసిన మనిషి ఆయన.

ఆయన నడుం నిటారుగా చేసి, "మసినమ్మ చెప్పింది నిజమే" అన్నారు. "నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక రాసేవాళ్ళకీ దేవుడికీ మధ్య ఎవరూ ఉండక్కర్లేదు. అందరూ గోడవైపు తిరగండి."

నా బడిరోజుల్లో గోడవైపు నిలబడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు సంఘమంతా నిలబడింది. నాలుగు గోడల వెంబడీ తెల్లటోపీలు. డీకన్ తాత ఒక మూల, ఆయన భార్య ఒక మూల. అంత నిశ్శబ్దంలో లుపే మామ్మ కవరు అంటించిన చప్పుడు నాకు వినిపించింది.

అందరం పోస్టుడబ్బా దాకా నడిచాం. బతుకులో ఏ వరసలోనూ లుపే మామ్మని ముందుకి పోనివ్వని మా మామ్మ, ఆరోజు పక్కకి జరిగి, "నువ్వు వెయ్యవే" అంది.

నవంబరులో దేశం అవును అంది. మా పేట మాత్రం గట్టిగా కాదు అంది. మా నాన్న మారలేదు, మా అత్తా మారలేదు, పాస్టరుగారూ మారలేదు. లుపే మామ్మ మాత్రం మారి మళ్ళీ పాత లుపే మామ్మ అయింది. మార్చిలో పెళ్ళి. తోటలో పందిరి, రెండు పందులు, మూడంతస్తుల కేకు అని రోజుకోసారి వీధి దాటొచ్చి చెప్పిపోయేది. డీకన్ తాత పెళ్ళికి రానన్నాడు. అంటూనే కారు రెండుసార్లు కడిగాడు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం మా మామ్మ తన పరుపు ఎత్తి, ఇరవై ఏళ్ళుగా దానికింద నలగకుండా దాచిన సన్నచాప తీసింది. మావాళ్ళలో పెళ్ళికిచ్చే కానుకల్లో సన్నచాపని మించింది లేదు. సవాయిలో వాళ్ళమ్మ అల్లింది, ఎర్ర ఈకల అంచుది. నా పెళ్ళిలో పదిమంది ముందు విప్పి పరుస్తానని నా చిన్నప్పటినించీ చెబుతున్న చాప. దాన్ని వరండాలో దులుపుతోంది.

"అలెకికా?" అన్నాను.

"మరి? లుపే ఇచ్చే చాప దీనికంటే మూరెడు చిన్నది. నేను కొలిచాను. రేపు దాని మొహం చూడాలి."

"మామ్మా, నాకు అంతా తెలుసులే. హాల్లో ఆ గొడవ, ఇప్పుడీ చాప. నీకు ఆవిడంటే కుళ్ళు కాదు, ప్రాణం. ఒప్పేసుకో."

మామ్మ దులపడం ఆపింది. ఇరవై మూడేళ్ళ నన్ను, నా గడ్డాన్ని, నా చిరుగుల లాగుని పైనించి కిందిదాకా ఒకసారి చూసింది.

"ప్రాణమా? కుళ్ళేరా" అంది. "దానికి ఒక్క పెళ్ళిలో ఇద్దరు పెళ్ళికొడుకులు దొరికారు. నాకు నువ్వున్నావు."