మా పెద్దమ్మ పేరు తీసేసిన మీట

మా పెద్దమ్మ పోయిన సంగతి ఎదురింటి అత్త ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను కంచరపాలెంలో, నేను పనిచేసే కొరియర్ గోడౌన్‌లో పార్సిళ్ళు దించుతున్నాను. "ఒరే, మీ పెద్దమ్మ ఎల్లిపోయిందిరా. బేగి రా" అంది. జ్వరమొచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్న మనిషి, ఇంటికి తీసుకొచ్చిన రెండో రోజే పోయింది. నేను జాలరిపేట చేరేసరికి చాప మీద పడుకోబెట్టి ఉంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు అలాగే ఉన్నాయి.

సాయంత్రానికల్లా సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. మా వైపు ఒక నాయకుడున్నాడు. ఆయన మొహం నిలువెత్తున, ఓ మూల మా పెద్దమ్మ మొహం అరచేయంత. 'ఓటు హక్కు పోరాట యోధురాలికి కన్నీటి నివాళి' అని రాయించాడు. ఆవిడ పోరాడినన్నాళ్ళూ ఆ మహానుభావుడు మా సందు మొహం చూసిన పాపాన పోలేదు. అంతకన్నా రోత ఇంకోటి ఉంది. ఆ ఫొటోలో పెద్దమ్మ పక్కన ఇంకో మనిషి నిలబడి ఉండాలి. ఆవిడని కోసిపారేశారు. భుజం ముక్క ఒకటి మాత్రం మిగిలింది. ఆ భుజం ఎదురింటి అత్తది. ఒళ్ళు మండి చింపేద్దామని వెళ్ళాను. తీరా దాని ముందు నిలబడ్డాక చెయ్యి రాలేదు. మా పెద్దమ్మకి ఆ నాయకుడికంటే పెద్ద ద్రోహం చేసింది నేను. అది చెప్పకుండా ఆవిడ గురించి మంచి మాటలు రాస్తే నేనూ ఫ్లెక్సీ కట్టినట్టే.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. తెల్లారకుండా హార్బరుకి వెళ్ళి వేలంలో చేపలు పాడుకుని, గంప ఆటోలో వేసుకుని అపార్టుమెంట్లకి తిరిగేది. బడి మొహం చూడలేదు, అంకెలు మాత్రం పోల్చుకోగలదు. ఫోన్ మాత్రం మా కుర్రాళ్ళకంటే బాగా వాడేది. చేప మొప్ప ఎత్తి ఫొటో తీసి, "ఎర్రగున్నాది సూడండమ్మా, ఇప్పుడే వొచ్చినాది" అని గొంతు రికార్డు చేసి అందరికీ పంపేది. ఎవరైనా వంజరాన్ని కూడా సగం ధరకి అడిగితే బేరమాడేది కాదు, "రోత" అని గంప ఎత్తుకునేది. రాజకీయాలు రోత, బురద రోడ్డు రోత, టీవీలో అరుచుకునేవాళ్ళు రోత. కోపం వచ్చిందని ఆవిడ అనగా నేను ఎప్పుడూ వినలేదు.

మా పేటలో ఆడపిల్లలకి అమ్మవారి పేరు పెట్టుకుంటాం, మగపిల్లలకి తాతల పేర్లు. అందుకని ఒకే పేరున్న ఆడవాళ్ళు, ఒకే పేరున్న మొగుళ్ళు సందుకి నలుగురైనా ఉంటారు. మా పెద్దమ్మదీ ఎదురింటి అత్తదీ ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు. మొగుళ్ళ పేర్లూ ఒకటే. వయసులో ఏడాది తేడా ఉంటుందేమో. మాకెవరికీ ఇబ్బంది లేదు. ఒకరిని మిద్దింటామె అంటాం, ఇంకొకరిని రేకులింటామె అంటాం.

గత ఎన్నికలకి కొన్నాళ్ళ ముందు, చేపలు కొనే మేడమొకావిడ పెద్దమ్మకి ఓటరు లిస్టు యాప్ చూపించింది. కార్డు మీది నంబరు కొడితే పేరు రావాలి. అత్త నంబరు కొడితే వచ్చింది. పెద్దమ్మ నంబరుకి ఏమీ రాలేదు. ఆ సాయంత్రం ఆవిడ సందంతా తిరిగి అందరి కార్డులూ కొట్టి చూసింది. ఒకే పేరున్న జంటల్లో చాలా చోట్ల ఒకరు ఉన్నారు, ఇంకొకరు లేరు. మధ్యలో ఎన్నికల ఆఫీసువాళ్ళు నోటీసులు కూడా పట్టుకొచ్చారట. ఎప్పుడొచ్చారు? పొద్దున్న పదింటికి. ఆ వేళకి మగవాళ్ళు సముద్రం మీద, ఆడవాళ్ళు గంపలతో ఊరి మీద. తలుపుకి తాళం చూసి, 'ఈ చిరునామాలో నివాసం లేరు' అని రాసుకుని చక్కా పోయారు.

పెద్దమ్మ నేరుగా మా ఇంటికొచ్చింది.

"ఎవుడు తీసీసినాడ్రా?"

"మిషనే పెద్దమ్మా. ఒకేలాటి పేర్లుంటే అదే తీసీద్ది" అన్నాను.

తన కార్డు తీసి నా ముందు పెట్టింది. "మిషనుకి మీ పెద్దమ్మెవుత్తో తెలవదు, సరే. దాని ముందు కూసున్నోడికి తెలవదేటి?"

తెలుసు. దాని ముందు కూర్చున్నవాడిని నేనే. గోడౌన్‌లో చేరకముందు, ఓటరు లిస్టులు సరిచూసే ఒక కాంట్రాక్టు ఆఫీసులో ఆపరేటరుగా చేశాను. తెర మీద రెండు పేర్లు, రెండు ఫొటోలు పక్కపక్కన వస్తాయి. 'ఒకరే', 'వేరు' అని రెండు మీటలు. 'ఒకరే' అంటే ఒక పేరు పోతుంది. ఎన్ని నొక్కితే అంత మంచివాడివి, అదీ ఉద్యోగం. ఆ రెండు పేర్లూ వచ్చిన మధ్యాహ్నం ఆకలి మీద ఉన్నాను. పేర్లు ఒకటే, మొగుళ్ళ పేర్లు ఒకటే, ఫొటోలు మసి పూసినట్టున్నాయి. 'ఒకరే' నొక్కేశాను. నొక్కాక ఆ ముక్కుపుడకలు కనపడ్డాయి. వెనక్కి వెళ్ళే మీట కూడా ఉంది. నొక్కలేదు. ఎవరో ఇంటికి వెళ్ళి విచారిస్తారులే అనుకుని క్యారేజీ విప్పుకున్నాను. అందులో ఉన్నది పొద్దున్న ఆవిడ పంపిన నెత్తళ్ళ ఇగురు. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఆవిడా ఇంకేమీ అడగలేదు. "అయితే రేపట్నుంచి పన్లోంచి రాగానే నా ఎనకాల రా" అంది.

చెత్తబళ్ళ మీద పనిచేసేవాళ్ళు హాజరుకి ఫొటో తీసుకుంటారే, కింద తారీకు, టైము, జాగా పడేటట్టు, ఆ యాప్ నా చేత ఫోన్‌లో ఎక్కించుకుంది. ఒకే పేరున్న ఇద్దరినీ గుమ్మం ముందు జంటగా నిలబెట్టి, కార్డులు గెడ్డం కింద పట్టించి తీయడం మొదలుపెట్టింది. మొదటి ఫొటో ఆవిడా అత్తా. నేనే తీశాను. "ఒకే మడిసి ఒకే ఫొటోలో రెండుసార్లు ఎలగ నిలబడుద్దిరా? అదే మిషన్నడుగు" అంది. వేట నుంచి వచ్చేవాళ్ళు వచ్చే వేళకి, అమ్మకానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే వేళకి కాపు కాసింది. అలిసిపోయాం, రేపు చూద్దాం అన్నవాళ్ళని తిట్టి బయటికి లాక్కొచ్చింది. అర్జీలన్నీ నా చేతే పెట్టించింది. నేను టైపు చేస్తుంటే పక్కనే కూర్చుని ఒక్కో అంకె గట్టిగా చదివించుకునేది. మా ఇంట్లో టీ ఇస్తే మాత్రం "ఇప్పుడే తాగేను" అనేది. అలా ఎన్నాళ్ళో.

ఫొటోల కాగితాలు పట్టుకుని ఎన్నికల ఆఫీసుకి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. "ఇవన్నీ మార్ఫింగ్ చెయ్యొచ్చమ్మా. ఎలా నమ్మమంటావు?"

పెద్దమ్మ అత్త చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. "సూడు బాబూ. మేఁవూ మార్ఫింగేనేటి? ముట్టుకుని సూడు."

ఆయన ముట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి కాగితాలు తీసుకున్నాడు. బయటికొచ్చాక ఆవిడ ఆ కుర్చీ జరిగిన చప్పుడు నోటితో చేసి చూపించి, "ఇంటికెల్తే సేపల పులుసే తింతాడ్రా ఆడు. రోత నా కొడుకు" అంది. అత్త పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అతను ముక్కు మూసుకున్నాడు, నేను కళ్ళు మూసుకున్నాను. ఏం తేడా ఉంది మాకు?

నాలుగుసార్లు తిప్పి, చివరికి పేర్లు ఎక్కించారు. పోలింగు రోజు పెద్దమ్మా అత్తా కలిసి వెళ్ళి ఓటేసి వచ్చారు. అంతటితో ఊరుకోలేదు పెద్దమ్మ. ప్రతి నెలా మొదటి రోజున సందులో అందరి నంబర్లూ కొట్టి చూసేది. "ఓసారి తీసినోడు మల్లీ తీత్తాడు" అనేది. అలా అన్నప్పుడు నా వైపు చూసేది కాదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మూడో రోజున, ఇక ఆపుకోలేక చెప్పేశాను. మీట సంగతి, ఫొటో సంగతి, క్యారేజీ సంగతి, అన్నీ.

"తెల్సురా" అంది.

"ఎప్పుడు తెల్సింది?"

"మిషనని సెప్పినావు సూడు, అప్పుడే."

"మరెందుకడగనేదు పెద్దమ్మా?"

"అడిగితే ఏడుద్దువు. ఏడిసేసి ఊరుకుందువు. నాకు నీ ఏడుపెందుకు? పని గావాల."

"ఇప్పటికీ కోపమా నా మీద?"

ఆయాసపడుతూనే చెప్పింది. "కోపమైతే ఎప్పుడో పోయీది. రోతరా. అది పోదు." తర్వాత దిండు కొంచెం పైకి జరపమంది. జరిపాను.

క్షమించలేదు. అబద్ధానికి కూడా ఆ మాట అనలేదు. ఆవిడ మీద నాకున్న గౌరవంలో సగం అందుకే. ఇన్నాళ్ళ పని నా చేత చేయించుకుంది, ఒక్క అబద్ధపు మాట మాత్రం నాకివ్వలేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక, ఆవిడ పేరు లిస్టులోంచి తీయించాలన్నారు. చనిపోయినవాళ్ళ పేరు తీయడానికి ఒక ఫారం ఉంది. ఫోన్‌లో తెరిచాను. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, రెండు వరసలు పక్కపక్కనే వచ్చాయి. అప్పటికే అత్త గుమ్మంలో నిలబడి ఉంది, కొంగుకి కట్టిన కార్డు విప్పి పట్టుకుని.

"ఒరే, దాని పేరుతో పాటు నాదీ ఎల్లిపోద్దేటిరా? అది పోయినాది. నా కోసం తిరిగీదెవులు?"

దగ్గర కూర్చోబెట్టుకున్నాను. పెద్దమ్మ కార్డు, అత్త కార్డు పక్కపక్కన పెట్టి, అంకెలు పైకి చదివి, మళ్ళీ చదివి, మా పెద్దమ్మ పేరు తీయమని రెండోసారి నొక్కాను. ఈసారి అది నిజం.

అప్పటి నుంచి రోజూ తెల్లారకుండానే, గంప చంకన పెట్టుకుని హార్బరుకి వెళ్తూ అత్త మా గుమ్మం ముందు ఆగుతోంది.

"నానున్నానేటిరా?"

ఫోన్ తీసి చూస్తాను. "ఉన్నావత్తా" అంటాను.

నా మాట చాలదు ఆవిడకి. చెయ్యి చాపుతుంది. గంప కింద పెట్టి, ఫోన్ అందుకుని, కార్డు పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు ఆనించి ఆకారం పోల్చుకుంటుంది. అవతల వేలం మొదలైపోతూ ఉంటుంది. అయినా చివరి అంకె దాకా కదలదు.