అన్నం మానేసిన మూడు నెలలు

మూడు నెలల్లో తొమ్మిది కేజీలు తగ్గాను. ఎలా తగ్గావని ఆఫీసులో కనబడ్డవాళ్ళంతా అడుగుతున్నారు. చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఆ మూడు నెలల్లో మా ఇంట్లో ఇంకొక మనిషి కూడా తగ్గిపోయింది. ఆవిడ మా అమ్మ. డెబ్బై ఆరేళ్ళు. ఆవిడ ఏ డైటూ చెయ్యలేదు. నేను చేసిన డైట్‌కే ఆవిడ చిక్కిపోయింది.

నా ఉద్యోగం టాటానగర్ స్టేషన్‌లో. రోజూ ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కి దిగాలి. యాభై రెండో ఏడు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, బరువు తగ్గకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి ఫోన్లో ఆ మాట చెప్పానో లేదో, "మమ్మీ, చావల్ బంద్. రోటీ భీ బంద్. ఆలూ, చీనీ సబ్ బంద్," అంది. నేను తెలుగులో ఏడిస్తే అది హిందీలో ఓదారుస్తుంది, మా ఇంటి పద్ధతే అంత. అన్నం, రొట్టె, బంగాళదుంప, పంచదార అన్నీ మానేస్తే మరేం తిని బతకమంటావే అంటే, గుడ్లు, చేప, పనీర్, క్యాబేజీ, పెరుగు అని పెద్ద జాబితా పంపింది.

మా ఆయన పోయాక నేనూ అమ్మా స్టేషన్ దగ్గరి బాగ్‌బేరాలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. వంట ఆవిడది. నన్ను కుక్కరు ముట్టుకోనివ్వదు. మా అమ్మాయి మాట విని రేపటినుంచి అన్నం మానేస్తున్నానని చెబితే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కూడు మానీసి బతుకుతారేటే? ఆ గుంట సెప్పీడమేటి, నువ్వు ఇనీడమేటి!"

"మోకాళ్ళ కోసమమ్మా."

"మీ నాన్న పూటకి రెండు గ్లాసుల కూడు తినీవోడు. ఆయనకేటి పొట్టొచ్చిందా?"

"నాన్న లోకోషెడ్‌లో ఇనుము మోసేవాడు. నేను కుర్చీలో కూర్చుని కాగితాలు మోస్తున్నాను."

ఆవిడ మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయింది. గెలిచానని నేను సంబరపడ్డాను.

మొదటి రెండు వారాలూ నరకం చూశాను. ఎదురుగా ఉడికించిన గుడ్లున్నా, మనసు మాత్రం చిన్నప్పటి రైల్వే క్వార్టర్‌లోనే తిరిగేది. రెండు గదులు, వెనక యార్డు, వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు. గంజి వారుస్తుంటే వంటిల్లంతా ఆవిరి. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి, నీరుల్లిపాయ కొరుక్కుని తిని బడికి పోయేవాళ్ళం. పక్కింటి ఒడియా పిన్ని దాన్ని పఖాళ అనేది, అది తమ ఇంటి వంటేనని మా అమ్మతో వాదనకు దిగేది. ఆదివారాలు అమ్మ పెద్ద పళ్ళెంలో ఎండుచేపల పులుసు కలిపి, చుట్టూ కూర్చున్న నలుగురు పిల్లల చేతుల్లోనూ వరసగా ముద్దలు పెట్టేది. నా వంతు వచ్చేదాకా ఆగలేక చెల్లి ముద్ద లాక్కుని తన్నులు తిన్నాను. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నోరూరుతుంది, కళ్ళూ చెమరుస్తాయి.

అప్పట్లో రోజూ బియ్యం పోసేముందు అమ్మ నన్ను పిలిచేది. "ఇయ్యాల ఎన్ని గ్లాసులే?" అని అడిగేది. లెక్కల్లో నేను గట్టిదాన్నని ఆవిడకు గర్వం. సత్తు గ్లాసు చేతబట్టుకుని నిలబడేది. నేను వేళ్ళు మడిచేదాన్ని. నాన్నకు రెండు, అన్నయ్యలిద్దరికీ చెరొకటి, నాకొకటి, చెల్లికొకటి. "ఆరు!" అని అరిచేదాన్ని. చుట్టాలొస్తే ఏడో ఎనిమిదో చెప్పేదాన్ని. "నా బంగారు తల్లి," అని సరిగ్గా అన్నే గ్లాసులు పోసేది. ఎప్పుడూ నా లెక్క తప్పని అనలేదు.

రెండో నెలకి మోకాళ్ళు తేలికపడ్డాయి. అక్కడినుంచి నా దర్జా చూడాలి. ఆఫీసులో సింఘాడాలు, అవే సమోసాలు, తినేవాళ్ళని చూసి జాలిపడ్డాను. మా వీధిలో కనబడ్డ ఆడవాళ్ళందరికీ బియ్యం విషమని ఉపన్యాసాలిచ్చాను. అద్దం ముందు చీర సర్దుకోవడానికి ఇదివరకటికంటే ఎక్కువసేపు పట్టేది. పొద్దున్న నా గుడ్లూ కూరా డబ్బాలో సర్ది ఇచ్చి, సాయంత్రం నేనొచ్చేసరికి చేప వేయించి పెట్టేది అమ్మ. నువ్వు తిన్నావా అని అడిగేదాన్ని. "తినీసేనే," అనేది. ఆ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నదే కాబట్టి ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

మూడో నెల చివర్లో ఒక శనివారం, వదులైపోయిన నా జాకెట్లు నాలుగు పట్టుకుని బజార్లో దర్జీ దగ్గరికి బయల్దేరాను. అమ్మ తనవి రెండు తెచ్చి సంచిలో పడేసింది. "కుట్లిడిపోనాయి, ఏయించు," అంది. దర్జీ బీహారు ఆయన, ఏళ్ళ తరబడి మాకు కుడుతున్నాడు. నావి చూసి మెచ్చుకున్నాడు. అమ్మవి విప్పితే కుట్లు ఊడింది ఎక్కడా లేదు, రెండు పక్కలా బిగించమని ఆవిడే పిన్నులు గుచ్చిపెట్టింది. ఆయన టేపు పెట్టి కొలిచి నవ్వాడు.

"దీదీ, ఆప్ కా డేఢ్ ఇంచ్, మాజీ కా ఢాయీ ఇంచ్. మాజీ భీ డైటింగ్ మే హై క్యా?"

నాది ఒకటిన్నర అంగుళమైతే, ఆవిడది రెండున్నర; అమ్మగారు కూడా డైటింగేనా అని ఆయన పరిహాసం. నాకు నవ్వు రాలేదు. అక్కడే సంచి వదిలేసి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

మిట్టమధ్యాహ్నం. అమ్మ గుమ్మంలో కూర్చుని టీలో మురీలు, అవే మరమరాలు, పోసుకుని చెంచాతో తింటోంది. ఆ చెయ్యి అప్పుడు చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. లోపలికెళ్ళి చూస్తే కుక్కరు పొడిగా ఉంది. బియ్యం డబ్బా మూత తీశాను. నేను డైట్ మొదలుపెట్టే ముందు నింపిన బియ్యం నింపినట్టే ఉంది, పురుగు కూడా పట్టింది.

నేను అరిచాను. కన్నతల్లి మీద అరవకూడదని తెలిసే అరిచాను. "మూడు నెలలనుంచి అన్నం ఎందుకు వండుకోలేదే?"

"ఎవులికి ఒండాల? నువ్వు తినవు కదేటి."

"నీకు!"

ఆవిడ నిజంగానే అర్థంకానట్టు చూసింది. "నాకని గ్లాసు నానెప్పుడు పోసుకున్నానే?"

అప్పటికి నాకు లెక్క అర్థమైంది. ఆరు గ్లాసులు. నాన్న, అన్నయ్యలు, నేను, చెల్లి. ఆ ఆరులో అమ్మ లేదు. లెక్క చెప్పింది నేనే. పిల్లలం వదిలేసిన ముద్దలూ, తపేలా అడుగున అంటుకున్న మెతుకులూ, నాన్న చాలకపోయినా చాలని లేచిన రోజుల మిగులూ, అదీ ఆవిడ భోజనం. అందరూ వెళ్ళిపోయి నేనొక్కదాన్ని మిగిలాక, నా ఒక్క గ్లాసులోనే ఆవిడ కూడూ ఉండేది. ఆ గ్లాసు నేను ఆపేశాను, ఆపి వీధంతా గొప్పలు చెప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం ఆవిణ్ణి తీసుకెళితే, నన్ను బరువు తగ్గమన్న ఆ డాక్టరే రక్తం లేదనీ, కడుపునిండా పెట్టమనీ చెప్పాడు. ఆ సాయంత్రం కొత్త బియ్యం తెచ్చాను. అమ్మ గొడవ చేస్తున్నా వినకుండా నేనే వండాను. కంచంలో వేడన్నం పెట్టి, పక్కన చేపల పులుసు పోసి ఆవిడ ముందుంచాను. నేను నా క్యాబేజీ, నా చేపముక్క పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడ చెయ్యి పెట్టలేదు. నా కంచం వైపూ గుమ్మం వైపూ చూస్తూ కూర్చుంది. నేను గబగబా తినేసి చెయ్యి కడుక్కొచ్చాను. కంచం అలాగే ఉంది.

"తినవేమ్మా?"

"నువ్వు తినీసినావు కదా?"

"తినేశాను."

"ఇంకెవులూ రారు కదా?"

"ఎవరూ రారమ్మా. ఇదంతా నీదే."

అప్పుడు కలుపుకుంది. నెమ్మదిగా, తల వంచుకుని, ముద్ద తరవాత ముద్ద తింది. నేను లేవకుండా చూస్తూ కూర్చున్నాను. కంచం ఖాళీ అయ్యాక కాసేపు వేళ్ళతో పులుసు రాస్తూ కూర్చుని, నా మొహం చూడకుండా కంచం ముందుకు జరిపింది.

"ఇంకొంచెం ఎయ్యే," అంది.

మా అమ్మ మారు అన్నం అడగడం నేను పుట్టాక వినడం అదే మొదటిసారి.