మూడో నంబర్‌ల వచ్చిన సర్పంచమ్మ

ఆ దినాలల్ల నాకు లెక్కలు మస్తు వస్తయని నాకొక నమ్మకం ఉండె. పదో తరగతి తప్పింది వేరే ముచ్చట (ఇంగ్లిషుల తప్పిన, లెక్కలల్ల కాదు, కావాల్నంటె మెమో చూపిస్త). సౌదీకి వచ్చిన కొత్తల, ఇరవై నాలుగేండ్ల వయసు, పెండ్లయి ఏడాది కూడ నిండలే. ఆ వయసుల మనిషి ఎట్లుంటడంటె, ఒకరిని నోరు తెరిచి ఒక సాయం అడుగుమంటె తల తీసేసినట్టయితది, గని ఒక ఒంటె మీద ఆశలన్ని పెట్టుమంటె మాత్రం సంబురంగ పెడ్తడు. ఇప్పుడు తల్సుకుంటె నవ్వొస్తది. నవ్వినంక కొద్దిసేపు ఊకెనే కూసోబుద్దయితది.

మా కఫీల్‌కు (అంటె నాకు వీసా ఇచ్చిన యజమానికి) బురైదా పట్నం బయట పెద్ద ఖర్జూరం తోట, తోట ఎనుక ఒంటెల కొట్టం. ఒక్క రూముల ఏడుగురం ఉండేది, అందరం నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరం దిక్కోళ్లమే, ఒక్కడు తప్ప. వారానికి ఏడు దినాలు, మనిషికొక దినం వంట. అందరు వద్దన్నదే కొత్తోనికి దొరుకుతది గదా, నాకు శుక్రవారం దొరికింది. తక్కిన దినాలు అన్నం, పప్పు, పచ్చిపులుసు, అయిపాయె. శుక్రవారం సెలవు, కాబట్టి కోడికూర, బగార అన్నం, పక్క తోటల నుంచి చుట్టాలు (రక్తసంబంధం ఏం లేదు, మసాల వాసనకు వచ్చేటోళ్లు). పొద్దుగాల ఆరింటికి ఉల్లిగడ్డలు కోసుడు మొదలువెడితె పన్నెండు దాటేది. ఆ వంటిల్లు రూముకు దూరంగ రేకుల షెడ్డు. అండ్ల ఫోన్ సిగ్నల్ ఒక్క గీత కూడ రాకపోయేది.

మా దిక్కు కాని ఆ ఒక్కడు హైదరాబాద్ మనిషి, ఒంటెల లారీ డ్రైవరు, అందరికన్న పెద్దోడు. మేమంత రేసు మామ అని పిలిచేది. పడుచుతనంల ఆయన గుర్రప్పందేల మైదానం గేటు కాడ చాయ్ బండి పెట్టిండట. ఒక్క రూపాయి కూడ పందెం కట్టలేదట (ఇది ఆయన చెప్పిన మాటే, సాక్షులెవరు లేరు), గని కట్టేటోళ్లకు చాయ్ పోసి పోసి ఆ విద్యంత చెవులల్ల వడ్డదట. మా రూముకు ఆయనే పెద్దమనిషి. ఒకసారి ఇద్దరు వంట వంతులు మార్చుకొని, ఆఖరికి నువ్వంటె నువ్వని కొట్లాట వెట్టుకొని, రూమంత ఉపాసం పండినంక మామ బొగ్గుతోటి గోడ మీద రాసిండు: వంతులు మార్చుకునుడు లేదు, జ్వరమొస్తె తప్ప. ఆ రాత కింద సంతకం కూడ పెట్టిండు.

మార్చుకునుడు లేదు గని పందెంల గెలుచుకోవచ్చు. ఈ దేశంల పైసలు పెట్టి పందెమాడితె సీదా జైలు, జైలు నుంచి సీదా విమానం, అందుకని పైసల ఊసెత్తితె మామ చెంప పగులగొడ్తననేది. మా పందేలన్ని వంట వంతుల మీదనే. ఓడితె మామ వంతైన శనివారం మనం వండాలె, గెలిస్తె మన వంతు మామ వండాలె. నేను వచ్చిన ఆరు నెలలల్ల మామ పొయ్యి ముట్టించంగ నేనైతె చూడలే. దాన్ని బట్టె ఎవరు గెలిచేటోళ్లో మీకు సమజైతది.

ఇంతల ఇంటికాడ నాకు బిడ్డ పుట్టింది. ఇరవయ్యొకటో దినం తొట్టెలల వేసుడు, అది లెక్కకు శుక్రవారం వడ్డది, పొద్దుగాల పదింటికి. అక్కడ పదంటె మాకిక్కడ ఏడున్నర, అంటె నేను రేకుల షెడ్డుల ఉల్లిగడ్డలకు ఏడ్చే టైము. మా ఇంటామె ఫోన్ల చిన్నగ అన్నది, "నువ్వు ఫోన్ల నుంచి మూడుసార్లు పేరు పిలువు, గప్పుడే తొట్టెలల వేస్తం. అత్తమ్మను కూడ ఒప్పిచ్చిన." ఆమె నన్ను అప్పటిదాక ఏదీ అడగలే, పోవద్దని కూడ అడగలే. నేను సరే అన్న.

మీరడుగుతరు, రూమోళ్లకు ఉన్న మాట చెప్తె అయిపోవు గదా అని. ఇప్పుడు నేను కూడ అదే అంట. గని అప్పుడు నా నామోషి నాది. అంతకుముందె ఒకాయన చెల్లె పెండ్లి ఫోన్ల చూస్తనని ఒక్క పూట అడిగితె, మామ గోడ మీది రాత చదివి వినిపిచ్చిండు, మేమంత ఆయనను వారం దాక ఆటపట్టిచ్చినం. అండ్ల అందరికన్న గట్టిగ నవ్వింది నేనే. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని అడుగుదు? బతిమిలాడుడు వద్దు, గెలుచుకుందామనుకున్న.

ఆ శుక్రవారానికి ముందు మంగళవారం ఒంటెల పందెం వచ్చింది. మా కఫీల్ ఆడ ఒంటె ఒకటి అండ్ల ఉరుకుతది. నడిచినా, నిలవడ్డా, తిట్టినా అది తల దించకపోయేది, అందుకని మేం దానికి సర్పంచమ్మ అని పేరు పెట్టుకున్నం. మామ ఖర్జూరం డబ్బా అట్ట చింపి దాని మీద ధరలు రాసిండు. పక్క తోట షేకు నల్ల ఒంటె గెలుస్తదని అందరికి తెలుసు, దానికి ఒకటికి ఒకటే. సర్పంచమ్మకు ఒకటికి నాలుగు, అంటె ఒక వంతు పెట్టి గెలిస్తె నాలుగు వంతులు. "ఉట్టిగ ఫస్టు మీద పెట్టకు అల్లుడా, ఈచ్ వే పెట్టు," అన్నడు మామ. ఫస్టు వస్తె నిండు ధర, మొదటి మూడు నంబర్లల్ల ఏది వచ్చినా ప్లేసు కింద అండ్ల పావు వంతు ధర అని చెప్పుకొచ్చిండు. ఇంకేదో చెప్పవోతుంటె నేనే ఆపిన. లెక్కలొచ్చినోనికి అన్నిసార్లు చెప్పుడెందుకు? నా మతిల లెక్క అప్పటికే అయిపోయింది. నాలుగు వంతులు పెడ్తె ఫస్టుకు పదహారు, మూడో నంబర్‌ల వచ్చినా పదహారుల పావు, నాలుగు. నాలుగు శుక్రవారాలు పొయ్యి మొకం చూసుడుండదు. మొదటి శుక్రవారం తొట్టెల, రెండోది బిడ్డ నవ్వు, మూడోది మా ఇంటామెతోటి ఒక్కదానితోనే ముచ్చట, నాలుగోది పండుకునుడు, గిట్ల పంచుకున్న కూడ. మామ రెండుసార్లు అడిగిండు సమజైందా అని. రెండుసార్లు కూడ అయిందన్న.

మంగళవారం ఒంటెను దించుకునేటందుకు లారీల నన్ను కూడ తోలుకపోయిండు. ఒంటెల పందెం మీరు చూసిండ్రో లేదో, ఒంటె మీద మనిషి ఉండడు, మిషిని ఉంటది, దానికి రంగు అంగీ, ఒక కొరడా. ఒంటెలు కంచె లోపల ఉరుకుతుంటె కంచె బయట యజమానులు కార్లల్ల ఎంబడివడి రేడియోల అరుస్తరు, ఆ అరుపు మిషిని నోట్ల నుంచి ఒంటె చెవుల వడ్తది. మా కఫీల్ ఇంట్ల మెల్లగ మాట్లాడే మనిషి, ఆ దినం అరిచిన అరుపుకు మా సర్పంచమ్మ తల తిప్పి కారు దిక్కు చూసింది గని ఉరుకుడు పెంచలే. సగం దూరం దాక ఎనిమిదో నంబర్. నేను కంచె వట్టుకొని మా ఊరి దేవుండ్లందరిని తోలుకచ్చుకున్న. మీరు నమ్మకుంటె మానె, ఆ ఏడెనిమిది నిమిషాలు నాకు ఆ ఇసుక కనవడలే. మా ఇంటి అర్ర కనవడ్డది, దూలానికి కట్టిన చీర తొట్టెల కనవడ్డది, మా అవ్వ చెయ్యి కనవడ్డది. కండ్లు తుడుసుకొని చూసేసరికి ఆఖరి మలుపు కాడ సర్పంచమ్మ ఎవ్వరి మాట వినకుండ, ఎవ్వరికి తల దించకుండ మూడో నంబర్‌ల దాటింది.

నేనక్కన్నే ఇంటికి ఫోన్ చేసిన. శుక్రవారం ఏడున్నరకు కాదు, ఏడింటికే ఫోన్ల కూసుంట, మొదటి నుంచి ఆఖరి దాక ఉంట, నేను రానిది మొదలువెట్టొద్దని మాటిచ్చిన. ఆమె వెంటనె వాళ్ల అత్తమ్మకు, అంటె మా అవ్వకు చెప్పింది, మా అవ్వ వాడకంత చెప్పింది. అదంత నాకు ఫోన్ల వినవడ్తనే ఉన్నది.

లారీల ఎక్కినంక మామతోటి అన్న, "నాలుగు శుక్రవారాలు నీయే మామా, కత్తికి పదును వెట్టుకో." మామ ఖర్జూరం పండ్లు తినుకుంట నాలుగు గింజలు తీసి స్టీరింగు ముంగట పేర్చిండు, ఇటు రెండు, అటు రెండు. ఈచ్ వే అంటె ఒక పందెం కాదు, రెండు పందేలని చెప్పిండు. నేను పెట్టిన నాలుగుల రెండు ఫస్టు మీద, రెండు ప్లేసు మీద. ఫస్టే వచ్చి ఉంటె రెండుకు ఎనిమిది, ఆపైన ప్లేసు రెండుకు రెండు, కలిపి పది లాభం. ఒంటె ఫస్టు రాలే కాబట్టి ఇటు రెండు పాయె. ఆ రెండు గింజలను కిటికీల నుంచి బయటికి ఇసిరేసిండు. ప్లేసు ధర నాలుగుల పావు, అంటె ఒకటికి ఒకటి. అటు రెండుకు ఇంకో రెండు గింజలు కలిపిండు.

"ఎన్ని వెట్టినవ్?"

"నాలుగు."

"ముంగట ఎన్ని ఉన్నయ్?"

లెక్కవెట్టిన. నాలుగు.

"మరి గెలుపేది మామా?"

"ఇదే గెలుపు. నా శనివారాలు నువ్వు వండే పని తప్పింది, నీ శుక్రవారం నీకే ఉన్నది. వెట్టింది వెట్టినట్టు వచ్చుడంటె మాటలా?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేంది, వచ్చింది. మూడుసార్లు పేరు పిలవాల్నన్న సంగతి, ఇంటికి ఫోన్ చేసి మాటిచ్చిన సంగతి, వాడకంత తెలిసిన సంగతి, అంత కక్కేసిన. మామ గేరు మార్చి లారీ నడిపిండు. ఎనుక సర్పంచమ్మ మెడ చాపి అద్దంల నుంచి నన్నే చూస్తున్నది.

"అడగరాదురా?" అన్నడు ఆఖరికి.

"అడిగితె ఇస్తుంటిరా మామా?"

"ఏమో. ఒంటెనైతె అడిగినవ్ గదా."

ఇస్త అని మాత్రం అనలే. నేను కూడ మల్ల అడగలే, లెక్క తప్పినా నామోషి తప్పలే. బుధవారం పాయె, గురువారం పాయె. ఇంటికి ఫోన్ చేసి మాట వాపసు తీసుకుందామని రెండుసార్లు నంబర్ కొట్టి కూడ, మా ఇంటామె గొంతు వినంగనే అన్నం తిన్నవా అని అడిగి పెట్టేసిన.

శుక్రవారం పొద్దుగాల ఆరింటికి కత్తి వట్టుకొని షెడ్డుకు పోతె పొయ్యి అప్పటికే మండుతున్నది. మామ లుంగీ ఎగ్గట్టి ఉల్లిగడ్డలు కోస్తున్నడు. నన్ను చూసి తల కూడ ఎత్తకుండ, "నాకు ముగ్గురు పిల్లలు అల్లుడా. ఒక్కల తొట్టెల కూడ చూడలే. పో," అన్నడు. నేను ఆన్నే నిలవడ్డ. ఉల్లిగడ్డకో దేనికో ఆయన కండ్లు కూడ ఎర్రగున్నయ్. "పో అంటున్న గదా, ఫోను ఛార్జింగు వెట్టుకో," అని కసిరిండు.

రూములకు పోతె గోడ మీద మామ రాతల కొత్త బొగ్గు మెరుస్తున్నది. వంతులు మార్చుకునుడు లేదు, జ్వరమొస్తె, తొట్టెల ఉంటె తప్ప. మల్ల సంతకం.

నా ఎనుక అయిదుగురు తలలు పెట్టుకొని ఫోన్ల చూసిండ్రు, తలలకు నూనె రాసుకొని మరీ. మా అవ్వ బిడ్డను ఫోను దగ్గరికి తెచ్చింది. మొదటిసారి పిలిస్తె ఎనుకున్నోళ్ల లొల్లిల వినవడలే. రెండోసారి పిలిస్తె బిడ్డ మొకం ముడుచుకున్నది. మూడోసారి పిలిచేసరికి ఫోన్ల బొమ్మ ఆగిపోయింది, తొట్టెల అంచు, మా ఇంటామె చెయ్యి, అంతే. గని పేరు అటు వినవడ్డదట, బిడ్డ చెయ్యి ఎత్తిందట. నేను చూడలే. విన్న.

ఆ పగటీలి మామ వండిన బగార అన్నం గురించి ఎంత తక్కువ చెప్తె అంత మంచిది. కింద మాడింది, మీద పలుకు, నడుమ ఉప్పు లేదు. పక్క తోట చుట్టాలు కూడ మల్ల రెండు వారాల దాక రాలే. మేం ఏడుగురం మాత్రం మారు మాట్లాడకుండ తిన్నం, నేనైతె రెండుసార్లు వేసుకున్న.

మామ వీసా రద్దు చేయించుకొని ఎగ్జిట్ మీద ఇంటికి పోయి కూడ ఏండ్లయితున్నది. సర్పంచమ్మ ముసలిదై కొట్టంల ఇప్పటికీ తల ఎత్తుకొనే నమిలుతుంటది. నేను ఇంకా ఇక్కన్నే ఉన్న. రూములకు సున్నం వేసినప్పుడు ఆ గోడ రాత పోయింది గని, ఇప్పుడు ఆ రాతతోటి పని లేదు, వంటింట్లకు కూడ వైఫై వస్తది. మా బిడ్డ ఆరో తరగతి. మొన్న శుక్రవారం ఫోన్ల పావు వంతు లెక్కలు సమజైతలేవని ఏడ్చింది. పొయ్యి మీద కూర వెట్టి, దానికి సర్పంచమ్మ లెక్క చెప్పిన. కాయితం మీద ఇటు రెండు చుక్కలు, అటు రెండు చుక్కలు వెట్టుకొని, కొట్టేసి, కలిపి, జర్రంత సేపు చూసింది.

"బాపు, అసలు పందెం పెట్టకున్నా గంతే ఉండె గదా?"

"గంతే బిడ్డా."

"మరెందుకు పెట్టినవ్?"

ఇన్నేండ్ల సౌదీకి కూడ ఆ లెక్కే వేసుకోవచ్చునని దానికి చెప్తనా? కూర అడుగంటుతున్నదని గంటె తిప్పుకుంట అన్న, "ఆ ఒంటె ఉరికినంతసేపు నేను మనింట్లనే ఉన్న బిడ్డా. నీ తొట్టెల పక్కన్నే ఉన్న."

అటు దిక్కు నోట్‌బుక్ల పేజీ తిప్పిన సప్పుడు వినవడ్డది. "సరే బాపు, ఫోను పెట్టకు," అన్నది. "ఇంకో లెక్క చెప్పు."

నాకు లెక్కలు మస్తు వస్తయని నమ్మే మనిషి ఈ లోకంల ఇప్పుడు అదొక్కతే.