సముద్రం కింద బొగ్గు బాయి

మా దిక్కు మైన్స్ అంటే ఒకటే అర్థం, బొగ్గు బాయి. అక్కడ నౌకరి ఉన్న పిలగాడంటే మా మట్టెవాడలో ఆడపిల్లల తండ్రులు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉరికేవాళ్లు. అందుకే ఎనభైల్లో ఒకరోజు మా మేనమామ మా బట్టల కొట్లో కూచుని, నా చెల్లెకు సంబంధం తెచ్చానంటూ, "పిలగాని ఇల్లు సుబేదారిల. వైజాగుల నేవీల చేస్తడు. సముద్రంల మైన్స్ తీసుడు పని" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"సముద్రం కింద బొగ్గేంది మామా?" అన్నాను, సంబరం బయటపడితే బేరం చెడుతుందని.

"భూమి కింద ఉండంగ లేంది, సముద్రం కింద ఉండదారా?"

ఓడలు నడవడానికి బొగ్గు కావాలె, ఎవల బొగ్గు వాళ్లే తవ్వుకుంటాండ్రు కావచ్చని మిగతా కథ నేనే అతికించాను. బేరంలో నన్ను మించినోడు లేడని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ లేదు.

పిల్లను చూడటానికి అతను వచ్చాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెల్లగా మాట. నేను ఆగలేక, "బావా, మైన్సోళ్లకు ఇంటికి బొగ్గు ఇస్తరట గద, మీకు ఎట్ల పంపుతరు, రైలులనా?" అన్నాను.

"బొగ్గేంది?" అన్నాడు అతను.

మైన్ అంటే సముద్రంలో దాచిపెట్టే బాంబనీ, మీదికి ఓడ వస్తే పేలుతుందనీ, అలాంటివాటిని వెతికి తీసేయడమే తన పని అనీ చెప్పాడు. చాయ్ పోస్తున్న అమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. మామ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"బాంబులకాడికి పోయేటోనికి నా బిడ్డనియ్య" అంది అమ్మ.

"నేను పోను అత్తమ్మా, మిషిన్ పోతది. చిన్న పడవ లెక్కుంటది, నీళ్లల్ల మునుగుతది. దానికి ముంగట కెమెరా, లైటు, ఎనక పొడుగు తీగ. నేను ఓడల కూసోని టీవీల చూసుకుంట తిప్పుతాంట. అది బాంబు పక్కన మందుపొట్లం పెట్టి ఎనకకొస్తది. మేం దూరంకెళ్లి పేలుస్తం."

"టీవీలనా?" అన్నాడు బాపు. "మా గల్లీల టీవీల వార్తలు చదివేటామె మొఖమే కనబడదు. నీకు బాంబు కనబడతదా?"

అప్పుడు తలుపు చాటు నుంచి చెల్లె వచ్చింది, ఎవరూ పిలవకుండానే.

"నీళ్లు మురికిగుంటే?" అంది.

"ముందుగాల చప్పుడు పంపుతం. అది దేనికన్న తగిలి వాపసొస్తే, ఆడ ఏందో ఉన్నట్టు."

"బండ కూడ కావచ్చు గద?"

"చానసార్లు బండనే ఉంటది."

"తీగ తెగితే?"

"అదే పైకి తేలుతది."

"తేలకపోతే మీరు దుంకుతరా?"

"దుంకేటోళ్లు వేరే ఉన్నరు. నాకు ఈత పరీక్ష పాసయ్యేంతే వచ్చు."

చెల్లె నవ్వు ఆపుకుంది. మళ్లీ అడిగింది. అలలొస్తే? చేప అడ్డమొస్తే? కరెంటు పోతే? సంబంధం చేజారిపోయిందని, కనీసం మర్యాదగా సాగనంపుదామని, "ఆలోచించి చెప్తం బావా" అనబోయాను.

బాపు నా తొడ మీద గట్టిగా గిచ్చాడు.

"నోరు మూస్కోరా" అన్నాడు చెవిలో. "ఇన్నేండ్లు కొట్ల కూసొని ఏం నేర్చినవ్? చీర మంచిగుందని మడత పెట్టి ఇచ్చేటామె కొంటదా? అంచు మలిపి చూసి, దారం గుంజి, రంగు పోతదా అని పానం తీసేటామె కొంటది. పోయిన రెండు సంబంధాలకు నీ చెల్లె ఏమన్నది? 'మంచిగున్నరు' అన్నది. అంతే, పోయినయి. గిరాకి వంకలు పెడుతాంటే మధ్యల మాట్లాడకు."

చూస్తే నిజమే. అతనూ కొట్లో పాత గుమాస్తాలాగే ఒక్క వంకకూ చిన్నబుచ్చుకోకుండా జవాబు చెప్తున్నాడు.

అమ్మ మాత్రం అతన్ని చూడకుండా చెల్లె వైపు తిరిగి అడిగింది. "ఆ తీగ ఎంత పొడుగుంటదో అడుగు."

"చాన పొడుగుంటది అత్తమ్మా" అన్నాడు అతనే.

"ఇంక జర పొడుగుదే పెట్టుకోమను" అని చెల్లెతో చెప్పి, అమ్మ ఆగిపోయిన చాయ్ పోసింది.