మూడో జత చెప్పులు

ఒసాకాలోని ఒక ఇరుకు వీధిలో ఇనుబుషి తొకుజి ఇరవై ఏళ్ళుగా దయ్యాల బొమ్మల కథలు గీస్తూ జీవనం సాగించారు. అంతకు పూర్వం సినిమా హాళ్ళకు బోర్డులు రాసేవారు. తాను మాత్రం పిల్లి దూకినా ఉలిక్కిపడే మనిషి. తన కథ పండిందో లేదో తెలుసుకునేందుకు ఆయనకున్న కొలమానం ఒక్కటే: భార్య సెత్సుయో బొటనవేలు.

చిత్తు ప్రతిని దారంతో కుట్టి ఆమె చేతికిచ్చేవారు. జడిపించే బొమ్మను ఎప్పుడూ పుట తిప్పాక కనబడే చోటనే ఉంచేవారు. తిప్పేముందు ఆమె వేలు కాగితం అంచున ఆగితే చాలు.

ఆ శీతకాలం వేలు ఆగడం మానివేసింది. ఈ భాగమూ చప్పగా ఉంటే ధారావాహికను నిలిపివేస్తామనీ, సాయంత్రం చిత్తు చూసి తేలుస్తాననీ పత్రిక సంపాదకులు కనెషిగె ఒక ఉదయం వచ్చి చెప్పి వెళ్ళారు.

ఆనాడు పొద్దుటి నుండి వాన. తొకుజికి కాలు నిలవలేదు. ఆడదయ్యానికి చెవుల దాకా చీలిన నోరు గీశారు. అరచేతిలో కన్ను పెట్టారు. జుట్టును నల్లసిరాతో పుటంతా పరిచారు. సెత్సుయో కమలాపండు ఒలుచుకుంటూ గబగబా తిప్పివేసింది.

“పాపం, ఈవిడ్ని పళ్ళ డాక్టరుకి చూపించాలండీ.”

“నీకు భయమెయ్యలేదా?”

“మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాక ఇంకా భయమేంటి?”

ఆయన ఆ పుటలను చింపి, తమ గుమ్మంలో చెప్పులు విడిచే చోటును గీశారు. రెండు జతల చెక్కచెప్పులు. పుట తిప్పితే అదే చోటు, అవే గీతలు. ముఖం లేదు, నెత్తురు లేదు. కాని మూడు జతలున్నాయి. మూడోది తడిసి ఉంది.

సెత్సుయో తిప్పింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ తిప్పబోయి ఆగింది. కాగితం అంచున కమలారసం మరక పడింది.

“ఇవెవరివండీ?”

“తెలీదు. చెప్పులే గీశాను. మనిషి సంగతి ఇంకా అనుకోలేదు.”

“అనుకోకుండానే లోపలికి రానిచ్చారా?”

కోరినది దక్కినప్పటికీ ఆయన గుమ్మం వైపు ఓరగా చూశారు. అంతలో వీధి తలుపు జరిగింది. ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు.

“కనెషిగె గారే అయ్యుంటారు. వెళ్ళి చూడండి.”

“నువ్వెళ్ళు. నా చేతుల నిండా సిరా.”

“నా చేతులకి రసం.”

ఇద్దరూ కదలలేదు. కొంతసేపటికి కనెషిగె తామే గది తలుపు తోసుకొని లోనికి వచ్చి, నిలువునా తడిసిన కోటుతోనే కూర్చుని చిత్తు అందుకున్నారు. చివరి పుట దగ్గర ఆయన వేలు కూడా ఆగింది.

“ఇది వేద్దాం. కథ ఆపక్కర్లేదు,” అన్నారు. గొడుగు తీసుకున్నారు గాని, లేవలేదు.

“ఇనుబుషి గారూ, గుమ్మం దాకా కాస్త తోడు వస్తారా? నేను వచ్చేటప్పటికి అక్కడెన్ని జతలున్నాయో చూసుకోలేదు.”