గొంతు మీద రెండు వేళ్లు

ఆ రోజు మీటింగులో నేను నోరు విప్పి ఉంటే మా భాషల సారు ఉద్యోగం పోయేది కాదు.

ఐటీ ఊపు మీదున్న రోజులవి. ఈ పరాయి ఊళ్లో, రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసులో, పాత టర్కిష్ పుస్తకాల్లో మాటలు వెతికే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన సారు భాషా నియమాలు చెప్పేవారు. ఏ మాట పలికినా రెండు వేళ్లు గొంతు మీద పెట్టుకునేవారు, మా చేతా పెట్టించేవారు.

“పుస్తకాన్ని ఇప్పుడు ‘కితాప్’ అంటరు తమ్మీ. పాత రాతల్ల ‘కితాబ్’. బ్ అంటే గొంతు వణుకుతది, ప్ అంటే వణుకదు. రెండూ ఒక్కటేనని నీ మిషన్‌కు చెప్పు.”

“మిషన్‌కు గొంతెక్కడిది సార్?”

“అందుకే కద, నిన్ను పెట్టిన్రు!”

చెప్పాను. కానీ వెతకడం నెమ్మదిస్తోందని డెమోకు ముందు ఎవరికీ చెప్పకుండా ఆ నియమం తీసేశాను. క్లయింటు ‘కితాప్’ అని కొడితే పాత పుస్తకాల్లో ఒక్కటీ దొరకలేదు. ఆ మీటింగులోనే మేనేజరు, నియమం తప్పని భాషల సారును నిలదీశాడు. ఆయన నా వైపు చూశారు. నేను స్క్రీన్ వైపు చూశాను. నెలాఖరుకి కంపెనీ ఆయన కాంట్రాక్టు ఆపేసింది.

మొన్న ఈ ఊళ్లోనే, యీషున్‌లో ఉన్న కూతురింటికి వచ్చారని తెలిసి వెళ్లాను. “బక్కగుంటుంటివి కద తమ్మీ!” అని నవ్వుతూ చాయ్ ఇప్పించారు. కప్పు ముట్టకుండానే చెప్పాను.

“సార్, మీ నియమం సరైనదే. తీసేసింది నేను. మీరు మాట పడుతుంటే ఊరుకున్నాను. క్షమించండి.”